పదో ఇంటి పడకగది గోడ

ఏ ఇంటికైనా దెయ్యం పట్టాలంటే ముందు అందులో ఎవరో ఒకరు బతకాలి, తర్వాత ఎవరో ఒకరు చావాలి. అదీ పద్ధతి. ఆ పదో నంబరు ఇంట్లో ఎవరూ బతకలేదు, ఎవరూ చావలేదు. గోడల తడి కూడా సరిగ్గా ఆరలేదు. మనుషులు దిగకముందే దెయ్యం దిగిపోయింది.

ఊరి చివర, లారీ టైర్ల గోడౌను దాటాక, కొత్తగా కట్టిన పది ఇళ్ళ వరసలో అది ఆఖరిది. పదీ ఒకదాన్నొకటి ఆనుకుని, ఇంటికీ ఇంటికీ నడుమ ఒకే గోడతో, గ్రూపు ఫోటోకి నిలబడ్డట్టు ఉంటాయి. పగలు చూస్తే ముచ్చటేస్తుంది. పొద్దుగూకి, పనివాళ్ళు వెళ్ళిపోయి, కరెంటు మెయిను కట్టేశాక మాత్రం... ఆ ఆఖరింటి వైపు ఎవరూ తలెత్తి చూడరు.

మొదట విన్నవాడు పెయింటరు. పడకగదికి రెండో కోటింగు ముగించేద్దామని ఒక సాయంత్రం ఒక్కడే ఉండిపోయాడట. చీకటి పడింది. ఫోను లైటు కిటికీలో పెట్టుకుని, బ్రష్షు ఆడిస్తున్నాడు. అప్పుడు... గోడలోంచి...

టక్ టక్... టక్.

బ్రష్షు ఆగింది. గోడ కూడా ఆగింది.

ఎలుకేమోలే అనుకుని మళ్ళీ బ్రష్షు ఆనించాడో లేదో, గోడ లోపలినుంచి ఒక మగ గొంతు. నెమ్మదిగా... నీరసంగా...

"ఖాళీ... లోపలంతా ఖాళీ..."

పెయింటరు పెట్టిన కేక గోడౌను దాకా వినిపించిందంటారు. బకెట్టు, బ్రష్షు, నిచ్చెన, ఒక చెప్పు అక్కడే వదిలేసి కాళ్ళకు బుద్ధి చెప్పాడు. రెండో కోటింగు సగం గోడ మీదే ఆగిపోయింది. మిగతా సగం వేయమంటే, "వేరే ఎవరినైనా చూసుకోండి, నాకు పెళ్ళాం పిల్లలున్నారు" అన్నాడట.

రెండో సాక్షి వాచ్‌మన్. కొన్నాళ్ళకు అటువైపు రౌండుకు వెళ్తే అదే టక్ టక్ వినిపించింది. అతను ధైర్యస్తుడే. లాఠీతో తలుపు మీద ఒక్కటిచ్చి, "ఎవడ్రా లోపల?" అని గద్దించాడు. చప్పుడు ఆగిపోయింది. ఆ వెంటనే లోపలెక్కడో దబదబా అడుగులు పరిగెత్తాయి... కానీ తలుపు తెరుచుకోలేదు, ఎవరూ బయటికి రాలేదు. ఆ రోజునుంచి వాచ్‌మన్ రౌండు ఎనిమిదో ఇంటి దగ్గరే వెనక్కి తిరుగుతోంది.

"గాలి మేడం. కొత్త ఇల్లు కదా, గాలి ఆడుతుంది," అనేవాడు సేల్స్ మేనేజరు. ఇల్లు అమ్మేవాడికి దెయ్యం ఎప్పుడూ గాలే.

ఆ పదో ఇల్లు కొనుక్కుంటున్నది ఒక నర్సమ్మ.

ఆవిడకి దెయ్యాల భయం లేదు. పదేళ్ళుగా పెద్దాసుపత్రిలో నైట్ డ్యూటీ. "చచ్చినవాళ్ళెవరూ నన్ను ఎప్పుడూ నిద్ర లేపలేదండీ, లేపిందంతా బతికున్నవాళ్ళే," అనేది. మాట తమాషాగా ఉన్నా బాధ నిజం. నిద్రకు మొహం వాచిపోయిన మనిషి. వాళ్ళు అద్దెకుంటున్న గది కింద ఇనప బీరువాలు చేసే షెడ్డుంది. ఆవిడ పొద్దున డ్యూటీ దిగి వచ్చి మంచమెక్కే వేళకు కింద మొదటి రేకు మీద మొదటి సుత్తి దెబ్బ పడుతుంది. చెవుల్లో దూది, దూది మీద తలగడ, తలగడ మీద చెయ్యి. అయినా ప్రతి దెబ్బా లెక్కగా వినిపిస్తుంది. ఒకసారి వార్డులో నిలబడే కునుకు తీసి, ఒకరికి వేయాల్సిన సూది ఇంకొకరికి వేయబోయింది. ఆఖరి నిమిషంలో చెయ్యి ఆగింది. ఆ వేళ ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చింది.

అప్పుడే అనుకుంది, సొంతిల్లు కావాలని. హోదా కోసం కాదు, పిల్లల పేర పెట్టడానికి కాదు. పగలు పడుకోవడానికి.

పది ఇళ్ళలో పదోది ఎంచుకున్నదీ అందుకే. ఆఖరిల్లు కాబట్టి రెండు పక్కలా పొరుగు ఉండదు, ఒక్క పక్కే. ఒకే గోడ. తొమ్మిదో ఇంటికీ దీనికీ నడుమ ఉన్న ఆ పడకగది గోడ. దెయ్యం కూడా సరిగ్గా ఆ గోడనే ఎంచుకుంది.

ఇంక ఒక్క రోజే మిగిలింది, మర్నాడు పొద్దున సంతకం. "ఇల్లు చూసుకున్నాం, అన్నీ బాగున్నాయి" అని ఒప్పుకుని తాళాలు తీసుకోవాలి. ఆ తర్వాత గోడ కూలినా కప్పు కారినా ఎవరి ఖర్మ వాళ్ళదే. వద్దంటే, తర్వాత వరసలో నిలబడ్డవాళ్ళు కళ్ళు మూసుకుని తీసుకోవడానికి తయారు. ఇంత సుఖమైన మూలయిల్లు మళ్ళీ దొరకదు.

"మా ఇంజినీరు చూసి బాగుందన్నాడు కదా మేడం," అన్నాడు సేల్స్ మేనేజరు.

"మీ ఇంజినీరు మీ ఇల్లు బాగోలేదంటాడా? పెళ్ళికొడుకు మంచివాడేనా అని పెళ్ళికొడుకునే అడిగినట్టుంది," అంది నర్సమ్మ.

వార్డులో ఎవరో చెప్పారు, ఒకావిడుంది, కొత్త ఇళ్ళు కొనేవాళ్ళ తరఫున వచ్చి చూసి పెడుతుందని. అటు కట్టినవాళ్ళ మనిషీ కాదు, ఇటు బ్రోకరు మనిషీ కాదు. చేతిలో సన్నటి ఇనప చువ్వ, దాని కొసన గోలీ అంత గుండు. దాంతో గోడలూ గచ్చులూ కొట్టుకుంటూ పోతుంది. అందుకే బిల్డర్లందరూ ఆవిడకు వడ్రంగిపిట్ట అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు వింటే వాళ్ళకు ఆకలి చచ్చిపోతుందట.

అక్కడే వచ్చింది చిక్కు. సంతకం పెట్టేదాకా పనిముట్లతో బయటివాళ్ళెవరూ లోపలికి రాకూడదని కంపెనీ రూలు. కానీ చివరి రెండు వారాలూ, కర్టెన్ల కొలతలు తీసుకోవడానికని కొనేవాళ్ళ చేతికి తాళంచెవి ఇస్తారు.

కాబట్టి ఆ సాయంత్రం, పనివాళ్ళు వెళ్ళిపోయాక, వడ్రంగిపిట్ట మెడలో టేపు వేసుకుని కర్టెన్లావిడ వేషంలో, నర్సమ్మ దంపతుల వెంట వచ్చింది.

"కర్టెన్లా? చీకట్లోనా?" అన్నాడు వాచ్‌మన్, గేటు దగ్గర.

"పగలు ఎండ పడుతుంది, గుడ్డ రంగు సరిగ్గా తెలీదు," అంది వడ్రంగిపిట్ట, తడుముకోకుండా.

వాచ్‌మన్ ఒక్క క్షణం ఆలోచించి, అర్థమైనట్టు తలూపాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "వెళ్ళండమ్మా. కానీ ఆ పడకగది గోడ... దాని జోలికి మాత్రం పోకండి."

నర్సమ్మ మొగుడు స్కూలు బస్సు డ్రైవరు. ఆరడుగుల మనిషి, తలుపుకు అడ్డంగా నిలబడితే గాలి కూడా అడిగి లోపలికి రావాలి. ఆయన అక్కడే ఆగిపోయాడు.

"నేను... బయట కాపలా ఉంటానే."

"ఎవరికి కాపలా? వాచ్‌మన్‌కా? రండి లోపలికి, టార్చి పట్టుకోండి."

వచ్చాడు. టార్చి కూడా పట్టుకున్నాడు. వెలుతురు ఒక చోట నిలవడం లేదు, అంతే.

వడ్రంగిపిట్ట చకచకా పనిలోకి దిగింది. కొళాయిలు తిప్పింది, సింకు నింపి వదిలింది, కిటికీలు తీసి మూసింది. తేడా ఉన్న చోటల్లా ఎర్రటి చుక్క లాంటి స్టిక్కరు అంటించింది. ఒక్కో చుక్క పడుతుంటే నర్సమ్మకు ఎవరో ఒంటి మీద సూది గుచ్చినట్టుంది.

హాల్లో ఉండగా, వాళ్ళ వెనక... కిర్ర్‌ర్‌మంది.

వంటింటి తలుపు. దానంతటదే, నెమ్మదిగా, తెరుచుకుంటోంది.

టార్చి గిర్రున తిరిగింది. "అదిగో... అదిగో వచ్చేసింది..." అన్నాడు డ్రైవరు, వణుకుతూ.

వడ్రంగిపిట్ట జేబులోంచి ఒక గాజుగోలీ తీసి గడప దగ్గర నేల మీద పెట్టింది. గోలీ కాసేపు ఆలోచించి, బయల్దేరి, గదంతా దాటుకుని పోయి అవతలి మూల ఆగింది.

"దెయ్యం కాదండీ, గచ్చు వాలు. గుమ్మం కూడా నిటారుగా నిలబెట్టలేదు. తలుపు దాని బరువుకు అదే పోతోంది," అంటూ రెండు చుక్కలు అంటించింది. "నేను చూసిన దెయ్యాల్లో సగం తాపీమేస్త్రీలు పుట్టించినవే. మిగతా సగం ప్లంబర్లు."

నర్సమ్మకు నవ్వొచ్చింది. ఆవిడ ఉంటే ధైర్యంగా ఉంది.

స్నానాలగది టైల్సు దగ్గరికొచ్చేసరికి వడ్రంగిపిట్ట చువ్వ తీసింది. ఒక్కో పలక మీదా కొడుతోంది. రెండు మూలల్లో రెండు, నడుమ ఒకటి.

టక్ టక్... టక్.

నర్సమ్మ మెడ మీద వెంట్రుకలు లేచాయి. పెయింటరు చెప్పిన వరస అదే.

"అక్కా... అందరూ ఇలాగే కొడతారా?"

"ఎందుకు కొడతారు? ఇది మా గురువుగారి పద్ధతి. రెండు మూలలా రెండు, నడిమిన ఒకటి. చువ్వ పట్టుకోవడం దగ్గర్నుంచి ఆయనే నేర్పారు." ఆవిడ గొంతు కాస్త మెత్తబడింది. "పోయిన వానాకాలం పోయారు."

"అయ్యో..."

"గోడ బాగుంటే ఏమీ అనేవారు కాదు. అరచేత్తో ఒక్కసారి మెల్లగా తట్టేవారు. పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు తడతామే, అలా. ఆయన పోయాక నేనెప్పుడూ అలా తట్టలేదు నర్సమ్మా. చెయ్యి రాదు."

చివరికి మిగిలింది పడకగది.

ముగ్గురూ గుమ్మంలో నిలబడ్డారు. టార్చి వెలుగులో గోడ కనిపించింది. సగం తెల్లగా, సగం మసగ్గా, పెయింటరు ఆగిపోయిన గీత దగ్గరే ఆగిపోయి ఉంది. కింద ఒంటరి చెప్పు.

"ఈ గోడే కదా మీకు ముఖ్యం?" అంది వడ్రంగిపిట్ట.

"ఈ గోడ కోసమేనక్కా ఇల్లు కొంటున్నది. ఇక్కడే తలపెట్టి పడుకోవాలి."

వడ్రంగిపిట్ట వెళ్ళి, చువ్వ ఎత్తి, కొట్టింది.

టక్ టక్... టక్.

ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత... గోడ లోపలినుంచి...

టక్ టక్... టక్.

ఎవరూ ఊపిరి తీసుకోలేదు.

"ప్రతిధ్వని," అంది వడ్రంగిపిట్ట. కానీ మాటలో బలం లేదు. కాస్త పక్కకు జరిగి, ఈసారి ఒక్కసారే కొట్టింది.

టక్.

కాసేపు ఏమీ లేదు. తర్వాత గోడ, జాగ్రత్తగా, ఒక్కసారే బదులిచ్చింది.

టక్.

"ఇందులో పైపు లేదు... ఏమీ లేదు..." గొణిగింది వడ్రంగిపిట్ట. ఆవిడ చువ్వ దించేయడం నర్సమ్మ చూసింది. ధైర్యమంతా ఆవిడ మీద ఆనించుకుని నిలబడ్డ మనిషికి అది చాలు, కాళ్ళ కింద గచ్చు ఇంకాస్త వాలినట్టయింది.

అప్పుడు వచ్చింది గొంతు. సన్నగా, సాగదీస్తూ, ఎక్కడో గోడ పొట్టలోంచి...

"ఖాళీ... లోపలంతా ఖాళీ..."

టార్చి కిందపడింది. చీకటి. దబదబా అడుగులు. తలుపుకు ఏదో తగిలి "అబ్బా!" అన్న కేక. అది డ్రైవరుగారని వేరే చెప్పక్కర్లేదు.

కానీ పరిగెత్తింది ఆయనొక్కడే కాదు. వడ్రంగిపిట్ట కూడా వెనక్కి వెనక్కి నడిచి గుమ్మం పట్టుకుంది. "ఆయన... ఆయనే నర్సమ్మా," అంది గుసగుసగా. "అలా సాగదీసి ఖాళీ అనేది మా గురువుగారే. ఈ లోకంలో ఇంకెవరూ అనరు. నన్ను వెతుక్కుంటూ వచ్చారు..." ఇంకో మాట లేకుండా ఆవిడా హాల్లోకి వెళ్ళిపోయింది.

నర్సమ్మ ఒక్కతే మిగిలింది. చీకట్లో. గోడతో.

భయం వేయలేదంటే అబద్ధం. పారిపోదామనే అనుకుంది. ఒక అడుగు వేసింది కూడా. అప్పుడు గుర్తొచ్చింది, పారిపోతే ఎక్కడికి? బీరువాల షెడ్డు మీదికి. మళ్ళీ దూదికి, తలగడకు. ఆ ఒక్క తలపుతో భయం ఎటు పోయిందో పోయింది, ఒళ్ళు మండింది.

"ఇన్నాళ్ళకు ఒక్క గోడ దొరికితే, అందులోనూ నువ్వేనా?" అంది పళ్ళు కొరుకుతూ.

డ్యూటీకి ఇటునుంచి ఇటే వెళ్ళాలని బ్యాగు వెంట తెచ్చుకుంది. చీకట్లోనే చెయ్యి పెట్టి స్టెతస్కోపు తీసింది. చెవుల్లో పెట్టుకుని, రోగి గుండె చూసినట్టు, దాని బిళ్ళ గోడకు ఆనించింది.

మొదట ఏమీ లేదు. కాస్త కిందికి జరిపింది. ఏమీ లేదు. ఇంకాస్త పక్కకు, మంచం పక్కన స్విచ్‌బోర్డు కోసం వదిలిన పెట్టె దగ్గరికి...

ఊపిరి.

ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. గబగబా, బెదిరిన మనిషిలా. ఇలాంటి ఊపిరి నర్సమ్మకు బాగా తెలుసు. ఆపరేషనుకు ముందు బల్లమీద పడుకున్నవాళ్ళు ఇలాగే పీలుస్తారు. చచ్చినవాళ్ళు మాత్రం ఎప్పుడూ పీల్చగా వినలేదు.

ఆ పైన... ఒక తుమ్ము.

నర్సమ్మ స్టెతస్కోపు మెడలో వేసుకుని, స్విచ్‌బోర్డు కన్నం దగ్గర వంగి, వార్డులో వాడే గొంతుతో అడిగింది.

"ఎవరు నాయనా? ఎక్కడ నొప్పి?"

అటునుంచి ఏడుపు గొంతుతో...

"నొప్పేమీ లేదు తల్లీ... నన్ను వదిలెయ్... నేను కర్టెన్లవాణ్ణి... కొలతలకొచ్చాను..."

"చీకట్లోనా?" అంది నర్సమ్మ.

"పగలైతే... గుడ్డ రంగు... సరిగ్గా తెలీదు..."

హాల్లోంచి రాకెట్టులా వచ్చిపడింది వడ్రంగిపిట్ట. నర్సమ్మను పక్కకు తోసి కన్నంలో నోరు పెట్టింది. "ఒరేయ్! ఆ కర్టెన్ల అబద్ధం నీకు నేర్పింది నేనే కదరా!"

"...అక్కా?"

"అక్కే! నువ్వేనట్రా గురువుగారిలా ఖాళీ అంటున్నది?"

"రాసుకోవడానికి చేతులు ఖాళీ ఉండవు కదక్కా, ఫోనులో రికార్డు చేసుకుంటున్నాను. ఆయన అన్నట్టు అంటే... ఆయన పక్కనే ఉన్నట్టుంటుందని..."

చీకట్లో వడ్రంగిపిట్ట ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినిపించింది.

విషయం మెల్లగా బయటపడింది. అతనూ ఆ గురువుగారి శిష్యుడే, అదే పని. తొమ్మిదో ఇల్లు కొనేవాళ్ళ తరఫున ఆ గోడే చూడాలని, వాచ్‌మన్ కంటపడకుండా పెరటి దారిన వచ్చాడు. మొదటిసారి కొట్టి చూసి ఖాళీ అన్నాడో లేదో, ఖాళీగా ఉన్న పదో ఇంట్లోంచి చావుకేక వినిపించింది. అది పెయింటరు. పారిపోయాడు. ధైర్యం తెచ్చుకుని రెండోసారి వస్తే, ఎవరో తలుపు మీద దభేలుమని కొట్టి గద్దించారు. అది వాచ్‌మన్. అంత దగ్గర్లో వినిపించేసరికి తన తలుపే అనుకుని పెరటి తలుపులోంచి పారిపోయాడు. మూడోసారి, అంటే ఇవాళ, గోడే తనకు బదులు కొట్టింది. ప్రతిధ్వనేలే అని సర్దిచెప్పుకుని ఖాళీ అన్నాడో లేదో, అవతల మళ్ళీ కేక.

"ఆ పదో ఇంట్లో దెయ్యముందక్కా అని మా వీధంతా చెప్పాను," అన్నాడు సిగ్గుపడుతూ.

నర్సమ్మకు నవ్వు ఆగలేదు. డ్రైవరు కూడా ధైర్యంగా లోపలికొచ్చి, "నేను అప్పుడే అనుకున్నాను, దెయ్యమూ లేదు గియ్యమూ లేదని," అన్నాడు నుదురు తడుముకుంటూ. నలుగురూ పగలబడి నవ్వారు. గోడకు అటు ఒకరు, ఇటు ముగ్గురు.

ఆ నవ్వులోనే వడ్రంగిపిట్ట టక్కున ఆగిపోయింది.

"నర్సమ్మా," అంది. "మనం ఇప్పుడు గోడ అవతలి మనిషితో మాట్లాడుతున్నాం."

"అవునక్కా."

"మామూలు గొంతుతో."

నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"రెండు ఇళ్ళ నడుమ గోడ గట్టిగా, నిండుగా ఉండాలి. వీళ్ళు అటొక పలుచటి ఇటుక వరస, ఇటొకటి నిలబెట్టి మధ్యలో ఏమీ నింపకుండా వదిలేశారు. పైగా రెండు పక్కలా స్విచ్‌బోర్డులు వీపుకు వీపు పెట్టారు. గోడ కాదిది, డోలు. వాడన్నది నిజమే. లోపలంతా ఖాళీ."

నర్సమ్మ కన్నం దగ్గర మళ్ళీ వంగి అడిగింది. "బాబూ... తొమ్మిదో ఇల్లు కొంటున్నది ఎవరు?"

"డ్రమ్ములు నేర్పే ఆయనండీ. పొద్దున తొమ్మిదినుంచీ పిల్లలకు క్లాసులు. పక్కింటివాళ్ళతో గొడవలు రాకూడదు, గోడ గట్టిదో కాదో చూడవయ్యా అని పాపం మరీ మరీ చెప్పారు."

అప్పుడు వేసింది నర్సమ్మకు అసలు భయం.

మర్నాడు పొద్దున, రాత్రంతా డ్యూటీ చేసిన ఎర్రటి కళ్ళతో, సేల్స్ మేనేజరును వెంటబెట్టుకుని పదో ఇంటి పడకగదిలో నిలబడింది. తొమ్మిదో ఇంట్లో డ్రమ్ములాయన నిలబడ్డాడు. బక్కపల్చటి మనిషి, చేతిలో రెండు కర్రలు.

"సంతకం పెడదామా మేడం?" అన్నాడు మేనేజరు.

"పెడదాం. ముందు కాస్త గాలి విందాం," అంది నర్సమ్మ.

అటునుంచి డ్రమ్ములాయన కర్ర కొసతో గోడను ఊరికే అలా గీకాడు. ఆ తర్వాత, దగ్గర్లో ఉన్న మనిషితో చెప్పినట్టు, "మేనేజరుగారూ, బాగున్నారా?" అన్నాడు.

మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. నిన్నటిదాకా గాలన్న మనిషి, ప్లేటు ఫిరాయించాడు.

"మేడం... దాచి లాభం లేదు. ఈ ఇంట్లో నిజంగానే ఏదో ఉంది. దెయ్యం. మా గోడ తప్పేమీ కాదు."

"అలాగా?" అంది నర్సమ్మ. "అయితే ఆ ముక్కే రాసి సంతకం పెట్టండి, ఇల్లు దెయ్యంతో సహా అమ్ముతున్నామని. మిగతా ఎనిమిది ఇళ్ళవాళ్ళూ బయటే ఉన్నారు, వాళ్ళకూ చదివి వినిపిస్తాను."

మేనేజరు కిటికీలోంచి చూశాడు. నిజంగానే ఉన్నారు. వడ్రంగిపిట్ట చువ్వ భుజాన వేసుకుని వాళ్ళకేదో చెబుతోంది. వాళ్ళు ఎవరి గోడ వైపు వాళ్ళు చూసుకుంటున్నారు.

"గోడేనండీ," అన్నాడు చివరికి, చచ్చుగా. "గోడే. కట్టిస్తాం."

కట్టించారు. వరసంతా ఇంటికీ ఇంటికీ మధ్య గోడలు పడగొట్టి నిండుగా, దిట్టంగా కట్టేసరికి ఆ ఋతువు వెళ్ళిపోయింది. అన్నాళ్ళూ నర్సమ్మ దూదితోనే గడిపింది. తాళాలు తీసుకునే ముందు వడ్రంగిపిట్ట మళ్ళీ వచ్చి ఆ గోడ మీద కొట్టి చూసింది. టక్ టక్... టక్. అటునుంచి బదులు లేదు. ఒక్క చుక్క కూడా అంటించలేదు. అరచెయ్యి ఎత్తి, గోడ దాకా తెచ్చి, మళ్ళీ దించేసుకుంది.

"రాదు నర్సమ్మా," అని నవ్వి వెళ్ళిపోయింది.

కొత్తింట్లో మొదటి పొద్దు. నర్సమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి మొగుడు బస్సు తీసుకుని వెళ్ళిపోయాడు. పక్కింటి గుమ్మంలో డ్రమ్ములాయన బెరుగ్గా నవ్వి, "క్లాసుంది చెల్లెమ్మా... ఇబ్బందైతే చెప్పు," అన్నాడు. పిల్లలు కర్రలు పట్టుకుని లోపలికి పోతున్నారు.

నర్సమ్మ తలుపేసుకుంది. ఆ గోడకు తలపెట్టి పడుకుంది. అలవాటు కొద్దీ దూది తీసి చెవిలో పెట్టుకోబోయి, ఆగి, పక్కన పెట్టేసింది. ఎదురుచూసింది.

ఏమీ లేదు.

గోడ అవతల ఏడెనిమిది మంది పిల్లలు డ్రమ్ములు బాదేస్తున్నారు. ఇవతల తన ఊపిరి తనకు వినిపిస్తోంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెప్పలు వాలుతున్నాయి...

అప్పుడు... తల దగ్గర... గోడ మీద...

చువ్వ కాదు. కర్ర కాదు. అరచెయ్యి. ఒక్కసారి. మెల్లగా. పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు తట్టినట్టు.

నర్సమ్మ కళ్ళు తెరుచుకున్నాయి. ఇంట్లో తను తప్ప ఎవరూ లేరు. అవతలినుంచి వచ్చిందనడానికి, అన్ని డ్రమ్ముల మోతే రానివ్వని గోడ అది. ఒళ్ళు జల్లుమంది. లేచి బయటికి పరిగెత్తాలా అని ఒక్క క్షణం ఆలోచించింది.

నిద్ర ముంచుకొస్తోంది. పైగా, చచ్చినవాళ్ళెవరూ తనను ఎప్పుడూ నిద్ర లేపలేదు.

"థాంక్సండీ," అని గొణిగి, గోడవైపుకే ఒత్తిగిలి పడుకుంది. సాయంత్రం దాకా లేవలేదు.